పుట్టనని మొండికేసిన రాయి



ఈ పాఠానికి పుస్తకం, పెన్సిలుతో పాటు ఇంకో రెండు వస్తువులు కావాలి. ఒకటి రెండు చెంచాల వెనిగర్, ఒక ఆలుచిప్ప. ఆలుచిప్ప అంటే సముద్రం ఒడ్డున ఇసుకలో దొరికే చిప్ప. సీలైన్ బీచ్‌కి వెళ్ళినప్పుడు జేబు నిండా ఏరుకొచ్చి ఉంటారు కదా! ఇంట్లో ఏ డబ్బాలోనో పడి ఉంటుంది, వెతకండి. వెనిగర్ మాత్రం అమ్మనో నాన్ననో అడిగి తీసుకోండి.

చిప్పను పళ్ళెంలో పెట్టి దాని మీద వెనిగర్ పోయండి. కాసేపు చూడండి. చిన్న చిన్న బుడగలు వస్తున్నాయా? ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. సోడా సీసా మూత తీయగానే బుస్సుమని వచ్చేది కూడా అదే.

చిప్పలో కాల్షియం, కార్బొనేట్ అనేవి కలిసి ఉంటాయి. సున్నపురాయిలో ఉన్నవీ అవే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లితే సున్నం వస్తుంది. ఊళ్ళో నానమ్మలు తమలపాకుకు రాసుకునేది ఆ సున్నమే. పండగ ముందు గోడలకు వేసేదీ అదే. పుల్లటి ద్రవాన్ని ఆమ్లం అంటారు. ఆమ్లం తగిలితే సున్నపురాయి ఇలా పొంగుతుంది. అందుకే రాళ్ళ గురించి చదువుకున్నవాళ్ళు కొండల్లో తిరిగేటప్పుడు ఒక చిన్న సీసాలో ఆమ్లం పెట్టుకుంటారు. రాయి మీద ఒక చుక్క వేస్తారు. పొంగిందా, సున్నపురాయి. పొంగలేదా, వేరే ఏదో.

అయితే పొంగీ పొంగనట్టు ఉండే రాయి ఒకటి ఉంది. ఈ పాఠం దాని గురించే.

దొలొమ్యూ దొరకబుచ్చుకున్న రాయి

దొలొమ్యూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఉండేవాడు. ఆల్ప్స్ కొండల్లో తాను చూసిన ఒక రాయి గురించి ఆయన 1791లో రాశాడు. చూడ్డానికి అచ్చం సున్నపురాయే. ఆమ్లం వేస్తే మాత్రం బద్ధకంగా, ఏదో మాట దక్కించడానికన్నట్టు నాలుగు బుడగలు వదిలిందంతే. మరుసటి ఏడాదే ఆ రాయికి ఆయన పేరు మీద డోలమైట్ అని పేరు పెట్టారు. ఇటలీలో డోలమైట్స్ అనే అందమైన పర్వతాలు ఉన్నాయి. వాటి పేరు కూడా ఈ రాయి నుంచే వచ్చింది.

తేడా ఎక్కడుంది? సున్నపురాయిలో కాల్షియం ఒక్కటే ఉంటుంది. డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. రెండూ కలగాపులగంగా ఉండవు, వరసగా ఉంటాయి. ఒక వరస కాల్షియం, ఒక వరస మెగ్నీషియం, మళ్ళీ కాల్షియం, మళ్ళీ మెగ్నీషియం. అమ్మమ్మ మల్లెలూ కనకాంబరాలూ కలిపి మాల కట్టడం చూశారా? రెండు మల్లెలు, రెండు కనకాంబరాలు, మళ్ళీ రెండు మల్లెలు. డోలమైట్ అలాంటి మాల.

ఈ రాయిని చూడ్డానికి ఇటలీ దాకా వెళ్ళక్కర్లేదు. మీరు అబూ హమూర్‌లో ఉంటే మీ కాళ్ళ కిందే ఉంది. వాన నీళ్ళు, నేలలో ఊరే నీళ్ళు బయటికి పోవడానికి అబూ హమూర్ పేరుతో పెద్ద సొరంగం తవ్వారు, విన్నారా? అది తొమ్మిది కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దాన్ని తవ్విన యంత్రం సిమ్‌సిమా సున్నపురాయి అనే పొర గుండా కూడా వెళ్ళింది. దోహా నగరంలో చాలా భాగం ఆ పొర మీదే నిలబడి ఉంది. నాలుగు కోట్ల ఏళ్ళకు పైగా వయసున్న ఆ పొరలో డోలమైట్ కూడా కలిసి ఉంటుంది. అప్పట్లో ఇక్కడ సూకులూ లేవు, బడులూ లేవు, ఎడారి కూడా లేదు. లోతు తక్కువ సముద్రం ఉండేది.

ముప్పై రెండేళ్ళ ఎదురుచూపు

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పాత రాళ్ళలో డోలమైట్ కొండలు కొండలుగా ఉంది. ఇప్పటి సముద్రాల్లో మాత్రం కొత్తగా దాదాపు ఎక్కడా పుట్టడం లేదు. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం తక్కువా అంటే, కాదు. కాల్షియం కంటే మెగ్నీషియమే ఎక్కువ. సరుకులన్నీ ఉన్నాయి, వంట మాత్రం అవడం లేదు!

పోనీ ప్రయోగశాలలో చేద్దామని చాలామంది ప్రయత్నించారు. నీళ్ళను బాగా వేడిచేస్తే డోలమైట్ వచ్చేది. కానీ సముద్రం అంత వేడిగా ఉండదు కదా. మామూలు వేడిలో రావాలి. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో లింటన్ లాండ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన 25 డిగ్రీల దగ్గర నీళ్ళు పెట్టి, అందులో కావలసిన దానికంటే 1000 రెట్లు ఎక్కువ సరుకు కరిగేలా చేసి, ఎదురు చూశాడు. ఎంతకాలమో ఊహించండి. వారమా? నెలా? 32 ఏళ్ళు! ఒక్క పలుకు డోలమైట్ కూడా రాలేదు. 1998లో ఆ సంగతి వ్యాసంగా రాశాడు. విఫలమైంది అన్న మాటను వ్యాసం పేరులోనే పెట్టాడు.

ఈ కథలో నాకు అందరికంటే నచ్చేది ఆయనే. పరీక్షలో తక్కువ మార్కులు వస్తే మనం కాగితం దాచేస్తాం. ఆయన దాచలేదు. ఆ వ్యాసం వల్ల మిగతావాళ్ళకు ఒక విషయం తెలిసింది: ఊరికే సరుకు పోసి కూర్చుంటే ఈ రాయి రాదు, ఇంకేదో కావాలి.

రాయి ఎందుకు మొండికేస్తుంది? తప్పు మెగ్నీషియానిది. నీళ్ళలో ఉన్నప్పుడు దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా అంటుకుని ఉంటాయి. బడి మొదటి రోజున అమ్మ కొంగు వదలని పిల్లవాడు ఉంటాడే, మెగ్నీషియం అలాంటిది. నీళ్ళను వదిలితే గానీ వరసలో వచ్చి నిలబడలేదు. ఎవరో ఒకరు వచ్చి, బుజ్జగించి, ఆ కొంగు విడిపించాలి.

ఎవరు?

చవుడు నేల, పాచి చాప

దీనికి జవాబు కోసం మనం అబూ హమూర్ నుంచి ఖతార్‌ను అడ్డంగా దాటి పడమటి తీరానికి వెళ్ళాలి. దుఖాన్ ఉన్న తీరమే అది. అక్కడ దోహత్ ఫైషాఖ్ అనే చోటు ఉంది. దోహత్ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన చిన్న సముద్రపు పాయ. బళ్ళో అరబ్బీ నేర్చుకుంటున్నవాళ్ళకు ఈ మాట తెలిసే ఉంటుంది. దోహా పేరు కూడా దీన్నుంచే వచ్చిందంటారు.

ఆ పాయ పక్కన ఉన్నది సబ్‌ఖా. ఇదీ అరబ్బీ మాటే. సముద్రం పొంగినప్పుడు నీళ్ళు వచ్చి, ఎండకు ఆవిరైపోయి, ఉప్పు మిగిలిపోయిన చదును నేల. మన ఆంధ్ర తీరంలో ఇలాంటి నేలను ఉప్పు పర్ర అంటారు. ఏమీ పండని ఉప్పు నేలను చవుడు నేల అనడం మీరు విని ఉంటారు. "చవుట్లో విత్తనం" అనే మాట కూడా ఉంది, వృథా పని అని అర్థం. ఈ చవుడు మాత్రం వృథా కాలేదు.

ఖతార్ స్వతంత్ర దేశం కాకముందే, 1965లో, ఇల్లింగ్, వెల్స్, టేలర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఫైషాఖ్ సబ్‌ఖా గురించి ఒక వ్యాసం రాశారు. ఆ బురదలో కొత్త డోలమైట్ ఉందని! కోట్ల ఏళ్ళ నాటిది కాదు, ఈ మధ్యే పుట్టిన పసి డోలమైట్. ప్రపంచంలో అలాంటి చోట్లు చాలా కొద్ది. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో రానన్న రాయి, ఎవరూ పట్టించుకోని ఉప్పు బురదలో చక్కగా కూర్చుని ఉంది.

సరే, అక్కడెందుకు వస్తోంది? ఎండ వల్ల నీళ్ళు ఆవిరై, మెగ్నీషియం చిక్కబడి వస్తోందని చాలా కాలం అనుకున్నారు. 1995లో ఇంకో ఆలోచన గట్టిగా ముందుకొచ్చింది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో పనిచేసే వాస్కోన్సెలోస్, మెకెంజీ, వారి తోటివారు బ్రెజిల్‌లోని ఒక ఉప్పు సరస్సు బురదను పరీక్షించారు. ఆక్సిజన్ లేని చోట బతికే బాక్టీరియా డోలమైట్ పుట్టడానికి సాయం చేస్తోందని చెప్పారు. రాయి పుట్టుకలో జీవుల చెయ్యి ఉందన్నమాట!

ఫైషాఖ్ సబ్‌ఖాలో జీవులకు కొదవ లేదు. నీళ్ళు వచ్చిపోయే చోట నేల మీద సాగే తోలులాంటి పొర ఉంటుంది. ఊళ్ళో చెరువు మెట్ల మీద పాచి పడితే జారుతుంది కదా, అలాంటిదే, ఇంకా మందంగా. కంటికి కనిపించని జీవులు కోట్ల కొద్దీ కలిసి అల్లుకున్న చాప అది. పొర ఎత్తి చూస్తే లోపల నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు వాసన. ముక్కు మూసుకోవలసిందే. శాస్త్రవేత్తలు ఆ వాసనలోనే రోజంతా కూర్చుని గొట్టాలు దించి, బురదను పొరలు చెదరకుండా తీస్తారు.

అలా తీసిన బురద మీద ఖతార్ విశ్వవిద్యాలయం వారూ, జూరిక్ వారూ కలిసి పనిచేశారు. 2016లో వచ్చిన వారి వ్యాసం, ఫైషాఖ్‌లో డోలమైట్ పుట్టడానికి ఈ జీవుల చాపలే ముఖ్యమని చెప్పింది. ఎండ, ఉప్పు ఉంటే చాలదు, చాప కూడా కావాలి.

ఎందుకో చూడండి. చాపలోని జీవులు తమ చుట్టూ ఒక జిగురు తయారుచేసుకుంటాయి. ఎండకు ఎండిపోకుండా, ఉప్పుకు చచ్చిపోకుండా కాపాడుకోవడానికి వాటికి అది కావాలి. ఆ జిగురులో ఋణావేశం ఉన్న చోట్లు ఉంటాయి. మెగ్నీషియానికి ఉన్నది ధనావేశం. జిగురు దాన్ని తన వైపు లాక్కుంటుంది. ఆ లాగుడులో అమ్మ కొంగు, అదే నీళ్ళ పట్టు, వదులవుతుంది. మెగ్నీషియం వచ్చి వరసలో కూర్చుంటుంది.

ఖతార్ విశ్వవిద్యాలయంలో

ఇలా నేల, నీరు, రాయి వీటిలో ఏ పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా మారిందో చదివే శాస్త్రాన్ని భూరసాయన శాస్త్రం అంటారు. భూమి, రసాయనం, శాస్త్రం. మూడు మాటలు కలిసి ఒక మాట అయింది. ఫైషాఖ్ విషయంలో భూరసాయనం ఒక్కటే సరిపోలేదు, జీవశాస్త్రం కూడా కావలసి వచ్చింది.

ఖతార్ విశ్వవిద్యాలయంలో జుల్ఫా అల్ దిసి, నబీల్ జువారి, వారి తోటివారు ఫైషాఖ్ బురదలోని బాక్టీరియాను ఒక్కో రకంగా విడదీశారు. వారు వెతికినవి ఆక్సిజన్ పీల్చి బతికే రకాలు. బ్రెజిల్ బురదలోనివి ఆక్సిజన్ లేని చోట బతికేవి, గుర్తుందా? అంటే ఇది కొత్త దారి. విడదీసిన బాక్టీరియాను గాజు పళ్ళేల్లో, ఉప్పు కలిపిన మేత పెట్టి పెంచారు. కొన్ని పళ్ళేల్లో సన్నటి పలుకులు పుట్టాయి!

ఆ పలుకులు ఏమిటో కంటితో చెప్పలేం. వాటి మీదికి ఎక్స్‌రే కిరణాలు పంపుతారు. లోపల వరసలు ఎలా పేర్చి ఉన్నాయో దాన్ని బట్టి కిరణాలు వంగి బయటికి వస్తాయి. డాక్టరుగారు ఎక్స్‌రేలో ఎముక చూసినట్టు, వీరు రాయి లోపలి వరసలు చూస్తారు. అలా చూస్తే, మెగ్నీషియం బాగా ఎక్కిన కార్బొనేట్ అని తేలింది. ఈ సంగతి 2017లో ప్రచురించారు. ఆ తర్వాత విర్జిబాసిల్లస్ అనే జాతి బాక్టీరియాను తీసుకుని, వేడి మార్చి, ఉప్పు మార్చి, మెగ్నీషియం పాలు మార్చి, ఏది మారిస్తే పలుకు ఎలా మారుతుందో చూశారు. అది 2019లో వచ్చింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. వారు పళ్ళెంలో డోలమైట్ చేసేశామని చెప్పలేదు. వచ్చింది డోలమైట్‌కి తమ్ముడి వరస. మెగ్నీషియం ఉంది గానీ, మల్లె, కనకాంబరం వరస ఇంకా సరిగ్గా కుదరలేదు. కుదరనిదాన్ని కుదిరిందని చెప్పకపోవడం కూడా శాస్త్రంలో భాగమే. లాండ్‌గారు నేర్పింది అదే కదా.

వరస కుదిర్చే సంగతి 2023లో ఇంకోచోట తేలింది. అమెరికాలోని మిషిగన్, జపాన్‌లోని హొక్కయిడో విశ్వవిద్యాలయాల వారు కలిసి చేశారు. వారి ఆలోచన ఎంత సులువో చూడండి. మాలలో ఒక మల్లె తప్పుచోట పడితే అమ్మమ్మ ఏం చేస్తుంది? ముడి విప్పి, సరిచేసి, మళ్ళీ కడుతుంది. పెరుగుతున్న డోలమైట్‌ను కూడా మధ్య మధ్యలో కొంచెం కరగనిస్తే, తప్పుగా కూర్చున్నవి ముందుగా కరిగిపోతాయి. సరైనవి నిలుస్తాయి. ఎలక్ట్రాన్ కిరణంతో రెండు గంటల్లో 4000 సార్లు అలా కరిగించి, పెరగనిచ్చారు. దాదాపు 300 వరసలు వచ్చాయి! అంతకుముందు ప్రయోగశాలల్లో ఐదు వరసలు దాటలేదు.

ఇప్పుడు ఫైషాఖ్‌ను మళ్ళీ తలుచుకోండి. అక్కడ సముద్రం వస్తుంది, తడుస్తుంది. పోతుంది, ఎండుతుంది. తడుస్తూ, ఎండుతూ, తడుస్తూ, ఎండుతూ. లాండ్‌గారి సీసాలో లేనివి రెండు: ఒకటి పాచి, ఇంకోటి ఈ రాకపోకలు. ఏది ఎంత పని చేస్తోందనే లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. మీరు పెద్దయ్యాక తేల్చవచ్చు.

గ్యాస్, కడప

ఈ రాయి పుడితే ఏమిటి, పుట్టకపోతే ఏమిటి అని అడిగేవాళ్ళు మీలో ఉంటారు. అడగాలి కూడా.

ఖతార్‌కు ఇంత సంపద ఎక్కడిది? నార్త్ ఫీల్డ్ నుంచి. సముద్రం అడుగున 1971లో కనిపెట్టిన ఆ గ్యాస్ ఒక పెద్ద గుహలో లేదు. ఖుఫ్ అనే రాతి పొరలో, ఇడ్లీలో ఉన్నట్టు ఉండే సన్నటి రంధ్రాల్లో నిండి ఉంది. ఆ పొరలో ఉన్నవి సున్నపురాయి, డోలమైట్. ఏ రాయి ఎక్కడ, ఎలా పుట్టిందో తెలిస్తే రంధ్రాలు ఎక్కడ ఎక్కువుంటాయో ఊహించడం కుదురుతుంది. మీలో కొందరి అమ్మానాన్నలు గ్యాస్ కంపెనీల్లో పనిచేస్తూ ఉంటారు. కొందరు ఆ డబ్బుతో కట్టిన రోడ్ల మీద, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో పనిచేస్తూ ఉంటారు. మనం ఇంత దూరం రావడం వెనుక ఆ రాయి కూడా ఉంది.

ఇంకోటి. మీ ఊరు కడప జిల్లా అయితే ఈ మాట తాతగారికి ఫోన్‌లో చెప్పండి. వేంపల్లె ఊరి పేరు మీద భూశాస్త్రంలో ఒక రాతి పొర ఉంది. అది 188 కోట్ల ఏళ్ళ కంటే పాతది. అబూ హమూర్ కింది రాయి దాని ముందు పసిపాప. వేంపల్లె పొరలో ఎక్కువ డోలమైటే. అందులో ఉల్లిపాయను కోసినట్టు పొరలు పొరలుగా గుమ్మటాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. అవి ఎవరు కట్టినవి? కంటికి కనిపించని జీవుల చాపలు కట్టినవి! ఫైషాఖ్‌లో ఈ రోజు పాకుతున్న పాచి లాంటిదే, చేపలూ చెట్లూ లేని కాలంలో, కడప ఉన్నచోట సముద్రపు ఒడ్డున పాకింది.

పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో ఈ డోలమైట్ నుంచే యురేనియం తీస్తున్నారు. చాలాచోట్ల యురేనియాన్ని రాయి నుంచి ఆమ్లంతో కరిగించి తీస్తారు. తుమ్మలపల్లెలో అలా కుదరదు. ఎందుకో మీరే చెప్పాలి. మొదట్లో పళ్ళెంలో చేసిన ప్రయోగాన్ని గుర్తు తెచ్చుకోండి. అక్కడ ఆమ్లానికి బదులు క్షారం వాడతారు.

చేయండి, చెప్పండి

"మొండికేయడం" అనే మాటను ఈ పాఠంలో రాయికి వాడాం. మీ ఇంట్లో ఎవరు, దేనికి మొండికేస్తారో మూడు వాక్యాల్లో రాయండి. తమ్ముడి మీద రాస్తే వాడికి చదివి వినిపించకండి.

తుమ్మలపల్లెలో ఆమ్లం వాడితే ఏమవుతుంది? రెండు వాక్యాల్లో రాయండి. మెగ్నీషియాన్ని అమ్మ కొంగు వదలని పిల్లవాడితో ఎందుకు పోల్చాం? మీరైతే దేనితో పోలుస్తారు?

అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి అడగండి: "మన ఊళ్ళో ఇంటి గడపకి, అరుగుకి ఏ రాయి వాడారు? అది ఎక్కడి నుంచి వచ్చింది?" వారు చెప్పిన మాటలను వారు చెప్పినట్టే తెలుగులో రాసి పెట్టుకోండి. కొన్ని మాటలు మీకు కొత్తగా ఉంటాయి, వాటి కింద గీత గీయండి. వచ్చే తరగతిలో అందరం చదువుకుందాం.

చివరగా, మళ్ళీ వెనిగర్ తీయండి. సంక్రాంతికి తెచ్చిన ముగ్గు పిండి మిగిలి ఉంటే ఒక చిటికెడు ఒక పళ్ళెంలో, ఆలుచిప్ప ముక్క ఇంకో పళ్ళెంలో పెట్టండి. రెండింటి మీదా ఒకేసారి వెనిగర్ వేయండి. డోలమైట్ గట్టి రాయిగా ఉన్నప్పుడు బద్ధకించినా, మెత్తటి పొడి చేస్తే బుడగలు వదులుతుందని గుర్తుంచుకోండి. ముగ్గు పిండిని రకరకాల తెల్ల రాళ్ళతో చేస్తారు కాబట్టి అందరి ఇళ్ళల్లో ఒకే జవాబు రాదు. మీ పళ్ళెంలో ఏమి జరిగిందో, ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదనే, రాసి తీసుకురండి.